డయల్ మీద చెయ్యి

ఆ వేసవి నా భర్త గొంతు మా వదిన చేతిలో ఉండేది.

ఆయన వాతావరణ కేంద్రంలో ఉద్యోగి. ఏడాది డ్యూటీ మీద నడిసముద్రంలో ఒక చిన్న దీవికి వెళ్లారు. గాలి ఎటు వీస్తోంది, అలలు ఎంత ఎత్తు లేస్తున్నాయి అని కొలిచి పంపడం పని. మొదట్లో రోజూ ఫోన్ చేసేవారు. ఎండలు ముదిరేసరికి సముద్రం అడుగున కేబుల్ ఎక్కడో తెగింది. బాగుచేసే ఓడ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేకపోయారు. దీవిలో ఉన్న ఆఫీసు వైర్‌లెస్సు వాతావరణం లెక్కలకే, మొగుడూ పెళ్లాల కబుర్లకు కాదు. ఇక మిగిలింది ఆయన సరదాకి పెట్టెలో పెట్టుకు వెళ్లిన చిన్న హామ్ రేడియో, లైసెన్సు తీసుకున్నవాళ్లు ఊరూరా తమలో తాము మాట్లాడుకునేది.

హామ్ రేడియో అక్కాతమ్ముళ్లిద్దరికీ ఎప్పటినుంచో ఉన్న పిచ్చి. వదిన ఆయనకంటే చాలా పెద్దది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి అక్కడే రిటైరయింది. తల్లిదండ్రులు తొందరగా పోతే తమ్ముణ్ణి తనే పెంచింది, పెళ్లి మాట ఎత్తలేదు. ఇద్దరూ కలిసి పరీక్ష రాసి ఒకేసారి లైసెన్సులు తెచ్చుకున్నారు. ఇంట్లో కింది వాటా ఆవిడది, పైన రెండు గదులు మావి, ఆ పైన డాబా.

హామ్ వాళ్ల కోసం తిరిగే చిన్న ఉపగ్రహం ఒకటి రోజుకి కొన్నిసార్లు మా మీదుగా పోతుంది. అటు దీవికీ ఇటు మా డాబాకీ ఒకేసారి అందుబాటులో ఉన్న ఆ కాసేపూ ఇక్కడ మాట్లాడింది అందుకుని అక్కడ దించుతుంది. మహా అయితే పది నిమిషాలు. ఆ తర్వాత ఎంత అరిచినా గాలికే. లైసెన్సు ఉన్నది వదినకి. ఆవిడ పక్కనుంటేనే, ఆవిడ మైకు అందిస్తేనే నేను మాట్లాడొచ్చు.

"అక్కా, వినిపిస్తున్నానా?"

"వినిపిస్తున్నావురా. జలుబు తగ్గిందా?"

"తగ్గింది. ఇవాళ ఒక పక్షి నా టోపీ ఎత్తుకుపోయింది."

"పోనీలే, పీడా పోయింది. అది పెట్టుకుంటే బస్సు కండక్టరులా ఉంటావు."

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. వదిన ఎడమచేత్తో యాంటెన్నా పట్టుకుని ఆకాశంలో ఏమీ కనబడని చోటుకి గురిపెట్టి, కుడిచేత్తో డయల్ తిప్పుతూ, మధ్యమధ్య మైకు నొక్కుతూ ఒక్కతే అంతా చేసేది. ఆవిడ చెవులకి ఒక జత హెడ్‌ఫోన్లు, నా చెవులకి ఒక జత. నేను పెళ్లిచూపుల్లో తోడు వచ్చిన పిల్లలా పక్కన నిలబడేదాన్ని. జలుబు, టోపీ, దీవిలో వంటవాడి కోపాలు అన్నీ అయ్యాక, ఉపగ్రహం అటు దిగిపోతుండగా, "ఇదిగో మీ ఆవిడ" అని మైకు నా చేతిలో పెట్టేది.

"ఏవండీ..."

"డాక్టరమ్మా! ఎలా ఉన్నావ్?"

నేను డాక్టర్ని కాదు. చెవుల ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేసే టెక్నీషియన్ని. ఆయన వేళాకోళానికి పెట్టిన పేరది. మనసులో ఉన్న జవాబు చెప్పే వీలు లేదు. ఆ దారిలో మాట్లాడింది ఎవరైనా వినొచ్చు. ఎవరెవరు వింటున్నారో తెలియనిచోట, మీరు లేక ఇల్లు బోసిపోయిందని అనడానికి నోరు రాదు కదా. "గ్యాసు అయిపోయింది, కొత్తది తెప్పించాను" అన్నాను ఒకరోజు. "మంచిపని చేశావ్" అన్నారు. అంతే, గరగరమంటూ పోయింది. వదిన హెడ్‌ఫోన్లు తీసి, హాయిగా ఏదో కూనిరాగం తీసుకుంటూ మెట్లు దిగిపోయింది. నాకు ఒళ్లంతా మండిపోయింది.

ఆ మంట తగ్గే వీలు కూడా ఉండేది కాదు. పాలవాడితో అనేది, "మా తమ్ముడితో మాట్లాడాను, అక్కడ వాన." ఎదురింటావిడతో అనేది, "మా తమ్ముడు చిక్కిపోయాడేమో, గొంతు నీరసంగా ఉంది." ఆయన జలుబు, ఆయన వాన, ఆయన నీరసం వీధి వీధంతా తిరిగి చివరికి నా దగ్గరికి వచ్చేవి. నేను వెనకనుంచి "వదినా" అని పిలిస్తే పలికేది కాదు. రెండోసారి పిలిచినా పలికేది కాదు. ఎంత పొగరు అనుకునేదాన్ని. అదీ మనసులో కాదు, గొణుక్కుంటూ, ఆవిడ వీపు వెనకే.

దానికి తోడు ఆ గొంతు ఆయనది కాదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"ఆయన గొంతు అలా ఉండదు వదినా. ఎవరో డ్రమ్ములో తలపెట్టి మాట్లాడుతున్నట్టుంది."

"శాటిలైట్ అన్నాక అంతే. డాప్లర్ అంటారు దాన్ని. నీకు చెప్పినా అర్థం కాదు."

"చెప్పి చూడండి."

ఆవిడ యాంటెన్నాని పిట్టగోడకి ఆనించింది. చెప్పడం మొదలుపెడితే బాగానే చెబుతుంది, అది మరీ కడుపుమంట.

"అంబులెన్సు వీధిలోకి వస్తున్నప్పుడు సైరను పైస్థాయిలో వినిపిస్తుంది. మనల్ని దాటి వెళ్లిపోతుంటే అదే సైరను కిందికి దిగిపోతుంది. లోపల సైరను ఏం మారలేదు. అది మనవైపు వస్తోందా, దూరం పోతోందా, అదే తేడా. ఇదీ అలాగే. శాటిలైట్ మనవైపు వస్తున్నంతసేపూ దాని సిగ్నలు అసలు ఉండాల్సినచోట కాదు, కాస్త పైన దొరుకుతుంది. అక్కణ్ణుంచి కిందికి జారుతూ ఉంటుంది. సరిగ్గా నెత్తిమీద ఉన్నప్పుడు మరీ జర్రున జారుతుంది. మనం కూడా డయల్ తిప్పుకుంటూ దాని వెంట దిగాలి. వెనకబడితే గొంతు బొంగురుపోతుంది, ముందుకెళ్లిపోతే కీచుమంటుంది."

"మరి సరిగ్గా ఉన్నామని ఎలా తెలుస్తుంది?"

"మనం మాట్లాడిన మాట పైకెళ్లి మన చెవికే తిరిగొస్తుంది. అది మన గొంతులా ఉందా, సరిగ్గా ఉన్నట్టే."

"మరి ఆయన గొంతు ఆయనలా లేదుగా."

ఆవిడ ముఖం మాడింది. "వాడి గొంతు నాకు తెలీదా? వాడు మాటలు నేర్చుకుంది నా ఒళ్లో."

"పెళ్లయిన దగ్గర్నుంచీ నేను నిద్రలేస్తున్నది ఆ గొంతుకే."

ఆవిడ యాంటెన్నా తీసుకుని వైర్లు చుట్టుకుంది.

ఆ తర్వాత నేను డయల్ మీదే కన్నేశాను. ఆయన కూడా అప్పుడప్పుడు అనేవారు, "అక్కా, ఎక్కడికి జరిగిపోతున్నావ్? నీ వెనకాల పరిగెత్తలేక చస్తున్నా." ఒకసారి ఎవరో పరాయి మనిషి మధ్యలో వచ్చి, మీరు మా మాటల మీదికి వచ్చేశారు, కాస్త పక్కకి జరగండి అన్నాడు. "వీడి పెత్తనమేంటి" అంది వదిన. నాకు మాత్రం లోలోపల సంతోషంగా ఉండేది. ఎంత గొప్ప ఆపరేటరైనా తప్పులు చేస్తోంది కదా అని.

ఒకరోజు ఉపగ్రహం వచ్చే వేళకి నాకు ఆసుపత్రిలో పని తెమల్లేదు. సాయంత్రం ఇంటికొచ్చి ఇంకా చెప్పులైనా విప్పకముందే వదిన మెట్లెక్కి వచ్చింది. మా గదుల్లోకి ఆవిడ రావడం చాలా అరుదు. గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"వాడు ఇంకో ఏడాది ఉంటానని చెప్పేశాడట."

"ఎవరితో?"

"ఆఫీసువాళ్లతో. రాసిచ్చేశాడట."

"మీరేమన్నారు?"

"నీ ఇష్టంరా, ఆలోచించుకునే చేసుంటావులే అన్నాను."

చేతిలో సంచి కుర్చీలో పడేశాను. "నన్నొక మాట అడగమని అనలేదా?"

"టైం ఎక్కడుంది? మాట పూర్తయ్యేలోపే దిగిపోయింది."

"టోపీల గురించి మాట్లాడ్డానికి ఉంటుంది టైం! పక్షుల గురించి ఉంటుంది! నా సంసారం సంగతికొచ్చేసరికి శాటిలైట్ దిగిపోతుంది!"

"అరవకు."

"ఆయన అక్కడుంటేనే మీకు బాగుంటుంది. ఇక్కడుంటే నా మొగుడు, అక్కడుంటే మీ తమ్ముడు. ఇంకో ఏడాది ఏం ఖర్మ, పదేళ్లు ఉండమనండి!"

చివరిమాటలు అటు తిరిగి అన్నాను, ఏడుపు కనబడకూడదని. వెనకనుంచి ఆవిడ మెల్లగా, "ఏమన్నావ్?" అంది. ఇంత మాట అంటే ఏమన్నావని అడుగుతుందా, మళ్లీ నా నోటితోనే అనిపిస్తుందా అని తలుపు వేసేశాను.

ఆ తర్వాత డాబా ఎక్కడం మానేశాను. పైన ఆవిడ అడుగుల చప్పుడు వినిపించేది. ఉపగ్రహం వచ్చే వేళకి ఆ అడుగులు అటూ ఇటూ తిరిగేవి, తర్వాత ఒకచోట ఆగిపోయేవి. ఆగిపోయాయంటే మాట కలిసిందన్నమాట. నేను కింద కూరగాయలు తరుగుతూ, కత్తిపీట మీద నా కోపమంతా చూపించేదాన్ని. ఆయన నా గురించి అడిగి ఉంటారా? అడిగితే ఈవిడ ఏం చెప్పి ఉంటుంది? ఒంట్లో బాగాలేదందా, అలిగిందని చెప్పి ఇద్దరూ నవ్వుకున్నారా? పైకెళ్లి వింటే తెలిసిపోతుంది. కానీ వెళితే ఆవిడ దయ కోసం వెళ్లినట్టుంటుంది. ఎదురుపడితే ఇద్దరం తలలు దించుకుని పోయేవాళ్లం. భోజనాలు వేరుగా సాగాయి.

ఒక ఆదివారం పొద్దువాలుతుండగా ఇక ఆగలేకపోయాను. ప్రపంచమంతా వింటే విననీ, ఆయన మొహానే అడిగేయాలని డాబా ఎక్కాను. పిట్టగోడ ఇంకా కాలుతోంది. వదిన నన్ను చూసి, రెండో జత హెడ్‌ఫోన్లు నా వైపు జరిపింది.

గరగరలోంచి ఆ డ్రమ్ము గొంతు వచ్చింది. మాటలు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి. ఓడ అన్నట్టుంది. వారాలు అన్నట్టుంది.

"సరే సరే, జాగ్రత్తరా" అంది వదిన నవ్వుతూ.

ఎవరైనా ఓడ అంటే ఏ ఓడ అని అడుగుతారు. జాగ్రత్త అని ఊరుకుంటారా? గొంతు ఇంకా బొంగురుపోతోంది. ఉపగ్రహం నెత్తిమీదకి వచ్చేసింది, సిగ్నలు జారిపోతోంది, ఆవిడ వేళ్లు మాత్రం డయల్ మీద కదలకుండా ఉన్నాయి. ఏదో ఇష్టమైన పాట వింటున్నదానిలా ఆవిడ ముఖం ప్రశాంతంగా ఉంది.

ఆవిడ చేతిమీద నా చెయ్యి వేసి డయల్ తిప్పాను.

గొంతు డ్రమ్ములోంచి బయటికి వచ్చింది. ఇంకాస్త తిప్పాను. సన్నబడింది, తేటపడింది. కాస్త ముక్కుతో మాట్లాడే ఆ గొంతు, చివరిమాట మింగేసే ఆ అలవాటు, అన్నీ వచ్చి నా చెవిలో కూర్చున్నాయి. "...సామాన్లు సర్దేస్తున్నా. ఆవిడకి చెప్పావా అక్కా?"

వదిన ఉలిక్కిపడి నా వైపు తిరిగింది.

"ఏం చేశావ్? ఇప్పుడు నాకేమీ వినిపించట్లేదు."

ఈ మాట నాకు కొత్త కాదు. నా ఉద్యోగమే ఈ మాట వినడం. పైస్థాయి శబ్దాలు ముందు పోతాయి. స, ష, ట, త లాంటివి గాలిలో కలిసిపోతాయి. కింది స్థాయిలో ఉన్నది మాత్రం మిగులుతుంది. అలాంటివాళ్లు పెదాలు చూసి మాటలు పట్టుకుంటారు, వెనకనుంచి పిలిస్తే పలకరు. వీళ్ల కొడుకులూ కూతుళ్లూ కోడళ్లూ వచ్చి పొగరని చెబుతుంటే, పొగరు కాదమ్మా అని సర్దిచెప్పేది నేనే. ఈవిడ తనకి ఎక్కడ వినిపిస్తుందో అక్కడ డయల్ ఆపుకుంది. తన గొంతునీ అక్కడే ఆపుకుంది. పాపం ఆయన ఆ వెంటే జారుతూ వచ్చారు.

మైకు తీసుకున్నాను. ఆవిడ ఇచ్చేసింది.

"ఏవండీ, నేను. మీరు ఇంకో ఏడాది ఉంటానన్నారట?"

"ఉంటాననడమేంటి? ఉండనన్నాను! ఉండనని రాసిచ్చేశాను. నన్ను తీసుకెళ్లే ఓడ కూడా బయల్దేరింది. అక్క చెప్పలేదా?"

వదిన చూపు నా పెదాల మీద ఉంది. హెడ్‌ఫోన్లని రెండు చేతులతో చెవులకి నొక్కిపట్టుకుంది. యాంటెన్నా ఎప్పుడు నా చేతికొచ్చిందో నాకే తెలియలేదు.

"చెప్పారు" అన్నాను. "నాకే సరిగ్గా వినబడలేదు."

ఆ తర్వాత ఆయన ఏదేదో చెబుతుంటే, డయల్ని కొంచెం కొంచెం కిందికి తిప్పుతూ ఆ గొంతు వెంట పోయాను. చివరికి అది గరగరలో మునిగిపోయింది. వదిన హెడ్‌ఫోన్లు తీసి జాగ్రత్తగా వైరు చుట్టింది.

"వస్తున్నాడా?" అంది.

"వస్తున్నారు."

మెట్లు దిగుతూ గోడ పట్టుకుంది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం, ఆసుపత్రి మూసే వేళకి, వరండా బల్లమీద రోగిలా కూర్చుని కనబడింది. ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. పరీక్షకోసం కట్టిన, బయటి చప్పుళ్లు రాని చిన్న గదిలో కూర్చోబెట్టాను. శబ్దం వినబడినప్పుడల్లా నొక్కమని బొత్తం చేతికిచ్చాను. ఆ గది కిటికీ అద్దం ఇవతలనుంచి మొదలుపెట్టాను. కింది స్థాయి శబ్దాలకి టకటకా నొక్కింది. ఎక్స్ఛేంజిలో పనిచేసిన చెయ్యి మరి. ఒక్కోమెట్టు పైకెక్కించాను. నొక్కడం తగ్గింది. ఇంకా పైకెక్కించాను, చప్పుడు పెంచాను, ఇంకా పెంచాను. ఆవిడ బొటనవేలు బొత్తం మీద పెట్టుకుని, అద్దంలోంచి నన్నే చూస్తూ మర్యాదగా చిరునవ్వుతో కూర్చుంది.

కాసేపటికి, "ఇంకా మొదలుపెట్టలేదా?" అంది.

తలుపు తీసి వెళ్లి ఆవిడ ఎదురుగా కూర్చున్నాను, నా పెదాలు కనబడేలా.

"ఎప్పటినుంచి వదినా?"

"ఎడమది ఉద్యోగంలో ఉండగానే. రెండోది ఈమధ్యే." బొత్తం తిరిగి నా చేతికిచ్చి అంది, "వాడికి చెప్పకు."

"తెలిస్తే ఏమవుతుంది?"

"మైకు నీకిచ్చెయ్యమంటాడు." చీర కొంగు వేలికి చుట్టుకుంది. "నువ్వొచ్చాక వాడి కబుర్లన్నీ పైన మీ గదుల్లోనే అయిపోయేవి. నేను కింద కూర్చుని, పైన నవ్వులు వినేదాన్ని. తర్వాత అవీ వినబడటం మానేశాయి. మీరిద్దరూ కావాలనే మెల్లగా మాట్లాడుకుంటున్నారనుకున్నాను. ఆ కేబుల్ తెగినరోజు, చెబితే నవ్వుతావు, నాకు సంతోషమేసింది."

నాకు నవ్వు రాలేదు. జాలి వేసింది. అలాగని అసూయ పోయిందా అంటే, పోలేదు. ఆ పది నిమిషాలు నావి కదా అనే ఇంకా అనిపిస్తోంది. రెండూ ఒకే గుండెలో ఇరుక్కుని కూర్చున్నాయి.

చెవికి పెట్టుకునే మిషన్లు వచ్చాక కొన్నాళ్లు ఇల్లు అదిరిపోయింది. గిన్నెలు ఇంత మోగుతాయా అంది. నా చెప్పులు పెద్దగా చప్పుడు చేస్తున్నాయంది. పంపు కారుతున్నా ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదని నా మీద విసుక్కుంది. డాబా మీద మాత్రం పనులు మారాయి. యాంటెన్నా ఆవిడది, డయల్ నాది.

"తిప్పు తిప్పు, జారిపోతోంది. అంత కాదు! కీచుమంటోంది, వెనక్కి రా. ఆఁ, అక్కడ ఉండు. ఉండమంటే ఆపేయమని కాదు, దాంతోపాటు పో."

నేర్చుకున్నాను. మొదటిసారి నా గొంతు పైకెళ్లి, ఒక్క రవ్వ ఆలస్యంగా తిరిగొచ్చి, అచ్చం నాలాగే వినిపించినరోజు ఒళ్లు జలదరించింది. "చూశావా" అంది వదిన, తనే పంపినట్టు గర్వంగా.

కానీ ఇప్పుడు మైకు నా దగ్గర ఉండేది. ఆవిడ యాంటెన్నా పట్టుకుని, ఎండలో కళ్లు చికిలించి, ఒక కన్ను ఆకాశం మీద, ఒక కన్ను మైకు మీద పెట్టేది. ముందే ఇచ్చేద్దామని రోజూ అనుకునేదాన్ని. ఆ ఓడ దీవికి ఎంత దగ్గరికి వచ్చిందో ఆయన చెప్పేవారు, నేను ఇంకోమాట, ఇంకొక్కమాట అనుకుంటూ పట్టుకునేదాన్ని. ఇచ్చేసరికి ఉపగ్రహం దిగిపోతుండేది. "ఒరేయ్..." అనేది ఆవిడ, గరగర మొదలయ్యేది. హెడ్‌ఫోన్లు తీశాక ఆవిడ చూపు నాకు బాగా తెలిసిన చూపే. వేసవి మొదట్నుంచీ అద్దంలో నేను చూసుకుంటున్నదే.

ఆయన ఆ రేడియోతో ఓడెక్కి దీవి వదిలాక ఒకసారి మాత్రం మొత్తం ఆవిడకే వదిలేసి, నేను డయల్ ఒక్కటే తిప్పాను. జలుబులు, వంటవాడు, ఓడలో తిండి, అన్నీ మాట్లాడుకున్నారు. చివర్లో ఆవిడే, "ఒరేయ్, నాకు చెవులు పోయాయిరా. మీ ఆవిడ కొత్తవి పెట్టింది" అంది. ఆయన కాసేపు ఏమీ అనలేదు. అటు సిగ్నలు పోయిందేమోనని నేను డయల్ తడుముకున్నాను. పోలేదు. "సరే అక్కా" అన్నారు, చివరిమాట మింగేస్తూ.

ఓడ వచ్చేనాటికి ఎండలు తగ్గి మబ్బులు దిగుతున్నాయి. రేవులో కాలు పెట్టే సందు లేదు. క్రేన్ల రొద, లారీల హారన్లు, ఒకేసారి అరుస్తున్న వందమంది జనం. ఇలాంటి గోలలో ఆ చెవి మిషన్లు అన్ని చప్పుళ్లనీ కలిపి ఒకే ముద్దచేసి పెడతాయి. వదిన నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఓడ పైతట్టున రెయిలింగు దగ్గర ఆయన కనబడ్డారు. బాగా నల్లబడ్డారు, గడ్డం పెరిగింది. మమ్మల్ని చూసి చెయ్యెత్తి, నోటి చుట్టూ రెండు చేతులూ పెట్టుకుని గట్టిగా అరిచారు.

"ఏమంటున్నాడు?" వదిన నా చెవిలో అడిగింది. "ఎవర్ని పిలుస్తున్నాడు?"

నాకు స్పష్టంగా వినిపించింది. డాక్టరమ్మా అని కాదు. అక్కా అని. మళ్లీ అరిచారు, మళ్లీ అదే. అంత దూరంనుంచి పెదాలు ఆవిడ కంటికి ఆనవు. నేను ఏది చెబితే అదే.

"మిమ్మల్నే వదినా. వెళ్లండి" అన్నాను.

చెప్పడానికి మాత్రం కొంచెం టైం తీసుకున్నాను.